కుట్టిందా, కరిచిందా?

మూడు రోజులుగా ఒకటే వాన. కోనసీమలో శ్రావణం ఇలాగే ఉంటుంది. తెల్లవారుజామున నీళ్లపొయ్యిలోకి కొబ్బరి డొక్కలు తీయబోయి మా అక్క కెవ్వుమంది. నేను వెళ్లేసరికి కుడిచేతి బొటనవేలు పట్టుకుని గాబు పక్కన కూర్చుండిపోయింది. బావగారు అప్పటికే చెప్పు తీశారు. మూడు దెబ్బలు. రెండో దెబ్బకే పోయిందనుకుంటాను, మూడోది కసి కొద్దీ వేసింది.

డాక్టరు దగ్గరికి వెళ్లి ఇంజెక్షను చేయించుకొచ్చి అక్క లోపల పడుకున్నాక, అరుగు మీద అసలు గొడవ మొదలైంది. చచ్చిన జెర్రిని నేను పారేయనివ్వలేదు. పాత పేపరు మీద పెట్టుకుని, ఈనెపుల్ల పుచ్చుకుని కూర్చున్నాను. ఇరవై ఏడేళ్లు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పినవాడికి ఇంతకంటే మంచి అలవాట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?

"కుట్టించుకున్నది మీ అక్క. నువ్వేమో దానికి పోస్టుమార్టం చేస్తున్నావు," అన్నారు బావగారు.

"కుట్టలేదండీ."

"పోనీ, కరిచింది."

"కరవనూ లేదు. గిల్లింది."

ఆయన నావైపు చూసిన చూపు వర్ణించను. పుల్లతో జెర్రిని వెల్లకిలా తిప్పి, తల కింద చూపించాను. గోధుమరంగులో రెండు కొక్కేలు, ఒకదానికొకటి ఎదురుగా, చిన్న కొడవళ్లలాగా ఉన్నాయి.

"తేలుకి తోకలో కొండి ఉంది కాబట్టి కుడుతుంది. పాముకి నోట్లో కోరలున్నాయి కాబట్టి కరుస్తుంది. దీనికి విషం నోట్లోనూ లేదు, తోకలోనూ లేదు. కాళ్లలో ఉంది. తల వెనక మొదటి జత కాళ్లు నడవడం మానేసి ఇలా తయారయ్యాయి. లోపల విషపు తిత్తి, మొన దగ్గర సన్నటి రంధ్రం. రెండువైపులా పట్టి నొక్కుతుంది. అక్క వేలి మీద పక్కపక్కనే రెండు చుక్కలు చూశారుగా?"

"అందుకేనా, సుమతీ శతకంలో పాముకి తల, తేలుకి తోక అని లెక్కలు చెప్పిన పెద్దమనిషి దీని జోలికి రాలేదు?"

"ఆయన తలా తోకా చూశాడు. కాళ్ల దాకా రాలేదు."

"సరే, విషం ఎక్కడుంటే ఏం? ఉందా లేదా?"

"ఉంది."

"అయిపోయింది. కాళ్లు నాలుగు దాటినదేదీ నా గడప లోపల బతకడానికి వీల్లేదు. మొన్న వానకి సావిట్లోకి రోకలిబండలు వచ్చాయి. చాటెడు ఊడ్చి, బ్లీచింగు చల్లి పారబోశాను."

నాకు కోపం వచ్చింది అక్కడే. జెర్రిని చంపినందుకు కాదు. అక్క వేలు చూశాక దాని తరఫున వాదించే మొహం నాకెక్కడిది? కానీ జెర్రి చేసిన నేరానికి రోకలిబండను ఉరితీయడం ఏం న్యాయం?

"రెండూ ఒక జాతేగా," అన్నారు బావగారు.

"ఇంటిపేరు ఒకటి. మిరియాపోడా, అంటే బహుపాదులు. మీ ఊళ్లో ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు గట్టు తగాదాతో కోర్టుకెక్కలేదూ? ఇదీ అంతే. జెర్రికి ఒక్కో కణుపుకి ఒక్క జత కాళ్లు. బల్లపరుపు ఒళ్లు, పొడుగు మీసాలు, పరుగు. అది వేటగత్తె. రోకలిబండకి ముందు నాలుగు కణుపులు వదిలేస్తే, అక్కణ్ణుంచి ఒక్కోదానికి రెండేసి జతలు. గుండ్రటి ఒళ్లు, నత్తనడక. రాలిన ఆకు తిని మట్టి చేస్తుంది. ఇప్పటిదాకా పేర్లు పెట్టిన రోకలిబండలు పన్నెండు వేల రకాలకు పైనే ఉన్నాయి. జెర్రులు మూడు వేల చిల్లర. ఆ ఇంటిపేరుతోనే ఇంకో రెండు బుల్లి కుటుంబాలు మట్టిలో ఉన్నాయిగానీ, తెల్లగా, కంటికి ఆనీ ఆననట్టు ఉంటాయి. వాటి జోలి మనకొద్దు."

"రోకలిబండకి విషం లేదంటావు?"

"కోర లేదు, కొండి లేదు. ముట్టుకుంటే అది చేయగలిగినవి రెండే. చుట్టచుట్టుకోవడం, కంపు కొట్టడం. చిన్నప్పుడు పుల్లతో పొడిచి, రూపాయి బిళ్లలా చుట్టుకుంటే మీరూ ఆడుకునే ఉంటారు."

"ఆడుకున్నాను. వేళ్లకి గోధుమరంగు మరక పట్టి వారం పోలేదు. మా అమ్మ వాతలు పెట్టింది."

"ఆ మరక క్వినోన్లది. ఒంటి పక్కల వరసగా సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి ఊరుతుంది. కంట్లో పడితే ప్రమాదమే గానీ ఒంటికి పెద్దగా ఏం కాదు. వెనిజులాలో ఒక రకం కోతులు వానాకాలంలో రోకలిబండను పట్టుకుని ఒళ్లంతా రుద్దుకుంటాయి. దోమలు రాకుండా."

"అదీ బానే ఉంది. కాయిల్ ఖర్చు తప్పుతుంది."

"బల్లపరుపు వీపున్న రోకలిబండలు కొన్నుంటాయి. వాటి దగ్గర బాదంపప్పు వాసన వస్తుంది. అవి వదిలేది హైడ్రోజన్ సైనైడు..." అని, నాలుక కరుచుకున్నాను. ఆలస్యమైపోయింది.

"సైనైడు!" బావగారు లేచి నిలబడ్డారు. "ఏమయ్యా, నువ్వు దాని తరఫు వకీలువా, పోలీసువా?"

"చీమలూ కప్పలూ వెనక్కి తగ్గేంత మాత్రమేనండీ."

ఆయన మళ్లీ కూర్చున్నారు గానీ ఊరుకోలేదు. "సరే, ఆకులు తిని మట్టి చేస్తుందన్నావు. కిందటేడు కంద తవ్వితే గడ్డ లోపల చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. నా గడ్డల్లో ఏం ఆకులున్నాయి?"

"గడ్డ ముందే కుళ్లి ఉంటుంది. అందుకే చేరాయి."

"కుళ్లినవాటిలోనూ ఉన్నాయి, కుళ్లనివాటిలోనూ ఉన్నాయి. తవ్వింది నేను."

ఈనెపుల్ల కింద పెట్టాను. ఆయన చెప్పింది నిజమే. ఎండ దెబ్బకి తేమ కోసం వెతుక్కుంటున్నప్పుడు, గుంపు పెరిగినప్పుడు, రోకలిబండలు మెత్తటి వేళ్లనీ, మొలకలనీ, గడ్డలనీ కొరుకుతాయి. 'కుళ్లిన పదార్థాలను తిని జీవించును' అని నేను ఇరవై ఏడేళ్లు ఒకే వాక్యం డిక్టేట్ చేశాను. ఏ పిల్లాడూ చెయ్యెత్తలేదు. వాళ్లలో కంద తవ్వినవాళ్లు లేరు కాబోలు, ఉన్నా మార్కులు ముఖ్యమనుకుని ఉంటారు.

"ఒప్పుకున్నాను," అన్నాను. "కంద మడిలో మీ ఇష్టం. సావిట్లోకి వచ్చినవాటిని మాత్రం ఊడ్చి చెట్టు మొదట్లో పోయండి. అవి ఇంటి మీద దండయాత్రకి రాలేదు. జెర్రికీ దీనికీ పైన పురుగులకుండే మైనపు పూత సరిగా లేదు, ఒంట్లో తేమ ఇట్టే ఆరిపోతుంది. అందుకే పగలు డొక్కల కింద, రాళ్ల కింద దాక్కుంటాయి. వాన పడి బొరియల్లో నీళ్లు నిండితే ఎక్కడికి పోవాలి? మీ అరుగు ఎత్తుగా ఉంది, వచ్చాయి."

"జపానులో రైళ్లు ఆగిపోయాయట వీటివల్ల. మావాడు ఫోన్లో చూపించాడు."

"అవును, నిజమే. 1920లోనే రాసిపెట్టారు. ఆ రకం ఎనిమిదేళ్లు మట్టిలో పెరిగి, పెద్దవయ్యాక ఒక్కసారిగా బయటికొస్తాయి. పట్టాల మీద పడి నలిగితే చక్రం జారిపోతుంది."

"చూశావా? నేను చాటతో ఊడ్చాను. అక్కడ రైలే ఆగింది."

వాదనలో ఈయన్ని గెలవడం కష్టం. నా దగ్గరున్న సమాచారమంతా ఆయనకే పనికొస్తోంది. మాట మార్చడానికి జెర్రి కాళ్లు లెక్కపెట్టమన్నాను.

"శతపాది అన్నారు పెద్దలు. వంద ఉంటాయి."

"పందెం. వంద ఉండవు. ఏ జెర్రికీ ఉండవు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. నేను పుల్లతో ఒక్కో కాలూ పక్కకి తీస్తుంటే పెదాలు కదుపుతూ లెక్కపెట్టారు. చెప్పుదెబ్బకి మధ్యలో రెండు మూడు కణుపులు నలిగాయి, అక్కడ కాస్త తడబడ్డారు. కాళ్లు పసుపుపచ్చగా, మొనలు నల్లగా, ఒక్కోటీ పల్చటి గాజుపుల్లలా ఉంది. లోపల ఎండిన నరంలాంటిది కనిపిస్తోంది.

"ఇరవై జతలు," అన్నారు.

"చివర తోకలా వెనక్కి చాచుకున్నవి?"

"అవి తోకలు కావూ?"

"కాళ్లే. నడవవు, లావుగా ముళ్లతో ఉంటాయి. పట్టుకోవడానికీ, వేలాడ్డానికీ, వెనకనుంచి వచ్చినవాణ్ణి బెదిరించడానికీ. కలపండి."

"ఇరవై ఒకటి."

"స్కోలోపెండ్రా జెర్రులకి దాదాపు అన్నిటికీ 21 లేదా 23 జతలే. గోడల మీద పొడుగు కాళ్లతో పరిగెత్తి బొద్దింకల్ని పట్టే సన్న జెర్రికి 15. మట్టిలో దూరే దారంలాంటివాటికి 27 నుంచి 191 దాకా. పెరిగిన జెర్రికి జతల సంఖ్య ఎప్పుడూ బేసే. వంద కాళ్లంటే యాభై జతలు, సరిసంఖ్య. అందుకే కుదరదు."

నిజం చెప్పాలంటే జువాలజీలో నాకిష్టమైన సంగతుల్లో ఇదొకటి. ప్రతి ఏడూ బోర్డు మీద రాసి, వెనక్కి తిరిగి, పిల్లల మొహాలు చూసేవాణ్ణి. ఇప్పుడు బావగారి మొహం చూశాను. ఆయన పేపరు మీదికి వంగి ఇంకా లెక్కపెడుతున్నారు.

"మాస్టారూ," అన్నారు నెమ్మదిగా. "ఇందాక గిల్లే కొక్కేలు చూపించి, ఇవీ కాళ్లేనన్నావు."

"అవును."

"మరి వాటినెందుకు కలపలేదు? 21, ఇదొకటి, 22. సరిసంఖ్య."

నోట మాట రాలేదు. నడిచే కాళ్లనే లెక్కలోకి తీసుకోవడం ఆనవాయితీ అని ఏదో గొణిగాను. చివరి జతా నడవదు, దాన్నెందుకు కలిపావని అడుగుతారేమోనని గుండె దడదడలాడింది. అడగలేదు, పాపం. కానీ ఆయన పట్టుకున్నది గట్టి ముడే. కొక్కేల కణుపు కూడా కాళ్ల కణుపే కాబట్టి, దాన్ని కలిపితే బేసి కాస్తా సరి అవుతుంది. విషయం జెర్రిలో లేదు, మనం లెక్క ఎక్కడ మొదలుపెట్టామనే దాంట్లో ఉంది. ఇరవై ఏడేళ్ల నా బోర్డు లెక్కని అరుగు మీద ఒక్క కొక్కెంతో లాగేశారాయన.

గెలుపు మత్తులో బావగారు ఉదారంగా తయారయ్యారు. "వెయ్యికాళ్ల జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కేమిటి అంటారు. ఈ ఒక్క జతతో నీకు వచ్చిన నష్టమేం లేదులే."

"విరిగిన కాలు పొర విడిచినప్పుడు మళ్లీ మొలుస్తుంది కూడా. వెయ్యికాళ్లదంటే గుర్తొచ్చింది. నిజంగా వెయ్యి దాటిన రోకలిబండ ఉందని 2021 దాకా ఎవరికీ తెలీదు. అంతకుముందు కాలిఫోర్నియాలో 750 కాళ్లదే రికార్డు. పడమటి ఆస్ట్రేలియాలో ఖనిజాల కోసం వేసిన బోరులో, 60 మీటర్ల లోతున దొరికింది కొత్తది. 1,306 కాళ్లు. పొడుగు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, వెడల్పు ఒక మిల్లీమీటరు లోపే. కళ్లు లేవు. గ్రీకుల పాతాళలోకపు రాణి పెర్సెఫోనీ పేరు పెట్టారు."

"మన దగ్గర బోరు వేస్తే నీళ్లే పడటంలేదు. అన్ని కాళ్లు దానికెందుకు?"

"ఊబిలో దిగబడిన లారీని ఎంతమంది నెడితే అంత బలం కదా? రోకలిబండ పరిగెత్తేది కాదు, మట్టిలోకి తల పెట్టి నెట్టుకుపోయేది. కాళ్లు అల అలగా కదులుతాయి, ఆ అల తోకనుంచి తల వైపు పోతుంది. జెర్రిది తిరకాసు. దాని అల తలనుంచి తోకకి పోతుంది. ముందు కాలు పెట్టిన చోటే వెనకది పెడుతుంది. ఊడ్పులకొచ్చిన ఆడవాళ్లు వరిగట్టు మీద ఒకరి అడుగులో ఒకరు వేసుకుంటూ పోతారు చూడండి, అలాగ. ఇంకో సంగతి. రోకలిబండ పిల్ల గుడ్డులోంచి మూడే జతలతో వస్తుంది. పొర విడిచినప్పుడల్లా కణుపులూ కాళ్లూ కలుస్తాయి. ఈ జెర్రి పిల్లకి మాత్రం పుట్టుకతోనే మొత్తం కాళ్లుంటాయి."

"అయితే పుట్టుకతోనే గిల్లుతుందన్నమాట."

గిల్లడమంటే మళ్లీ నా నోరు ఆగలేదు. చైనాలో పరిశోధకులు 2018లో ప్రకటించిన సంగతి చెప్పాను. అక్కడి ఎర్రతల జెర్రి మూడు గ్రాములు ఉంటుంది. తనకంటే 15 రెట్లు బరువున్న చుంచెలుకను అర నిమిషంలో పడగొట్టింది. దాని విషంలో ఒక పదార్థం గుండెనీ, నరాలనీ నడిపించే పొటాషియం దారుల్ని మూసేస్తుంది. మనిషి శరీరం పెద్దది కాబట్టి ఒక్క గిల్లుడుకి అంత దూరం రాదు, నొప్పీ వాపూ తప్ప ప్రాణం పోవడం మహా అరుదు. అయినా ఒంటి మీద దద్దుర్లు లేచినా, ఊపిరాడకపోయినా ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. ఇదంతా సావధానంగా విని బావగారు చెప్పు కాస్త దగ్గరికి జరుపుకున్నారు.

"ఇవి మనకంటే ముందునుంచీ ఉన్నాయండీ," అన్నాను, చివరి అస్త్రంగా. "నేల మీద గాలి పీల్చిన అత్యంత పాత ప్రాణుల్లో ఒకటి రోకలిబండ. స్కాట్లండులో స్టోన్‌హేవెన్ దగ్గర సముద్రపు ఒడ్డున రాతిలో ఒక సెంటీమీటరు ముక్క దొరికింది. దాని మీద ఊపిరి రంధ్రాలు స్పష్టంగా ఉన్నాయి. వయసు 40 కోట్ల ఏళ్లకు పైనే. కనిపెట్టింది ప్రొఫెసరు కాదు, మైక్ న్యూమన్ అనే బస్సు డ్రైవరు. 2004లో దానికి ఆయన పేరే పెట్టారు."

"బస్సు డ్రైవరా?" ఇప్పటిదాకా నేను చెప్పినవాటిలో ఆయనకి నచ్చింది ఇదొక్కటే. "మరి నువ్వు ఇరవై ఏడేళ్లు ఏం చేశావు?"

"పేపర్లు దిద్దాను. ఇంగ్లండులో ఇంకో రాయి 2018లో విరిగిపడితే, అందులో ఆర్థ్రోప్లూరా బయటపడింది. రోకలిబండల పక్షమే. 32 కోట్ల ఏళ్ల నాటిది. పొడుగు 2.6 మీటర్లు ఉండేదని అంచనా. మీ నులకమంచం మీద పడుకోబెడితే రెండడుగులు బయటికి వేలాడుతుంది."

"నా చెప్పు చాలదు."

"దాని తల ఎలా ఉండేదో 2024 దాకా తెలీదు. ఫ్రాన్సులో దొరికిన పిల్లల శిలాజాల్లో చూశారు. ఒళ్లు రోకలిబండది. తలలో కొన్ని పోలికలు జెర్రివి."

అనేశాక తెలిసింది, మళ్లీ గోతిలో పడ్డానని. బావగారు తొడ చరిచారు. "రెండూ ఒకటేనని పొద్దున్నుంచీ నేను మొత్తుకుంటుంటే కాదన్నావు! 32 కోట్ల ఏళ్ల కిందటి సాక్షి నా పక్షం వచ్చింది."

"ఇంకో సాక్షిని పిలుస్తాను. జెర్రీ బొద్దింకా దగ్గర చుట్టాలని మా రోజుల్లో పాఠం. డీఎన్ఏ చూశాక లెక్క తిరగబడింది. బొద్దింకకి దగ్గర చుట్టం జెర్రి కాదు. రొయ్య."

బావగారికి ఊరి చివర రెండెకరాల రొయ్యల చెరువుంది. కాసేపు మాట్లాడలేదు. "ఈ ముక్క కొనేవాళ్ల దగ్గర అనకు," అన్నారు చివరికి.

అక్క లేచి వచ్చింది. వేలు ఇంకా వాచే ఉంది. పేపరు మీదికి తొంగి చూసి, "దీని జత ఎక్కడో ఉండే ఉంటుంది," అంది.

"ఉండదక్కా. ఒంటరివి. మీసాలతో తట్టుకుని చూసుకుంటాయి, మగది సన్నటి దారాలతో చిన్న గూడులా అల్లి అందులో వీర్యపు మూట పెట్టి పోతుంది. ఆడది తీసుకుంటుంది. అంతే సంసారం. కానీ గుడ్లు పెట్టాక ఆడది వాటిని ఒంటితో చుట్టేసుకుని వారాల తరబడి కదలదు. తిండి మానేసి, బూజు పట్టకుండా నాకుతూ ఉంటుంది."

"డొక్కల కింద గుడ్లున్నాయేమో అయితే. నేనేగా చెయ్యి పెట్టింది."

"ఉండొచ్చు. బాగా బెదిరిస్తే ఒక్కోసారి తన గుడ్లు తనే తినేస్తుంది."

అక్క మొహం చిట్లించింది. జాలి పడబోయి ఆగిందో, అసహ్యపడబోయి ఆగిందో నాకు అర్థం కాలేదు. "డొక్కలు రేపు పట్టకర్రతో తీయించండి," అని బావగారికి చెప్పి లోపలికెళ్లింది.

పేపరు మడతపెట్టి చెత్తలో వేశాం. రాత్రి మళ్లీ వాన పట్టుకుంది. సావిట్లో పక్క వేసుకున్నాను. అవతల గదిలో బావగారు టార్చి వేసి మంచం కింద, దుప్పటి మడతల్లో, తలగడ కింద వెతకడం గోడమీది వెలుగులో కనిపిస్తూనే ఉంది. నవ్వుకున్నాను. ఆయన టార్చి ఆర్పేదాకా ఆగి, చప్పుడు కాకుండా లేచి, సెల్‌ఫోను వెలుగులో నా చెప్పులు రెండూ బోర్లించి దులుపుకున్నాను.

"ఏమయ్యా, దొరికిందా?" అన్నారు బావగారు చీకట్లోంచి.